వంకాయ కొండకు రండి

ఆ రోజుల్లో కళకూ రాజకీయానికీ ఏ సంబంధమూ ఉండదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. అంతకంటే గట్టిగా నమ్మిందేమిటంటే, ఈ సంగతి పల్నాడు మొత్తం మీద నాకొక్కడికే తెలుసునని. మీసాలు ఇంకా ఒక నిర్ణయానికి రాని వయసులో ఇలాంటి నమ్మకాలు చాలామందికి ఉంటాయి. కాలం వాటిని నెమ్మదిగా కడిగేస్తుంది. నా విషయంలో కాలానికి అంత శ్రమ లేకుండా ఒక పంచాయతీ ఎన్నిక, ఒక గొడుగు, ఒక వంకాయ కలిసి ఆ పని పూర్తి చేశాయి. మూడింటిలోనూ వంకాయ పాత్రే ఎక్కువ.

డ్రాయింగు పరీక్షలు ప్యాసై, గురజాలకూ కారంపూడికీ మధ్య ఒక ఊళ్లో, ప్రైవేటు యాజమాన్యం నడిపే హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేరాను. ఉద్యోగం తాత్కాలికం. ఏడాది తిరిగాక స్కూలు కమిటీ సంతకాలు పెడితే ఖాయమవుతుంది, లేకపోతే పెట్టె సర్దుకుని బస్సెక్కడమే. ఇంటి దగ్గర నాన్న ఎరువుల కొట్టు నాకోసం ఓపిగ్గా ఎదురుచూస్తూ ఉండేది. "బొమ్మలు గీసి బతికినోణ్ణి నేనింతవరకూ చూళ్లేదురా. నువ్వు చూపిస్తే చూస్తా" అని నాన్న చాలా మర్యాదగా సాగనంపాడు. అందుచేత ఆ ఉద్యోగం నిలబడటం నాకు తిండికి సంబంధించిన సమస్య కాదు, యూరియా బస్తాల మధ్య కూర్చుని జీవితాంతం ఆ మాట వినాలా వద్దా అన్న సమస్య.

కమిటీలో పేర్లు చాలా ఉన్నా చెల్లుబాటయ్యే మాట ఇద్దరిదే. ఒకాయనకు కారం మిల్లుంది, అందుకని మిల్లాయన. ఇంకొకాయన ఊళ్లో అందరికంటే ముందు మేడ కట్టాడు, అందుకని మేడింటాయన. ఒకరు సంతకం పెట్టిన కాగితం మీద ఇంకొకరు సంతకం పెట్టడమన్నది ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఈ ఇద్దరి మధ్యా మా హెడ్మాస్టారు స్కూలు నడిపేవారు. ఏ తగాదా వచ్చినా ఆయన నోట వచ్చే మొదటి మాట, చివరి మాట "సర్దుకుందాం" అనే. పిల్లలు ఆయన్ని సర్దుబాటు సారు అనేవాళ్లు. (మాస్టర్లం మేమూ అనేవాళ్లం, ఆయన బడికి రాని రోజుల్లో.)

ఆ ఊరికి నేను ఒక ట్రంకు పెట్టె, ఒక పొడుగాటి కాగితాల చుట్ట తీసుకువెళ్లాను. ఆ చుట్టే నా ఆస్తి. గుంటూరులో చదువుకునేటప్పుడు, మూతపడిన ఏదో ట్రావెల్ ఏజెన్సీ వాళ్ల సామానంతా ఒక పాత కాగితాల కొట్టుకు వచ్చిందని తెలిసి, మధ్యాహ్నం భోజనాలు మానేసి మరీ కొన్న పోస్టర్లు అవి. మా తాతల కాలంలో, ఫలానా దేశానికి రండి, ఫలానా రైలెక్కండి అని గోడలకు అంటించడానికి గొప్ప చిత్రకారుల చేత వేయించినవి. ఒకదాంట్లో మంచుకొండల మధ్య నుంచి రైలు వస్తుంటుంది. ఒకదాంట్లో ఏనుగు మీద దొర కూర్చుని మన దేశం చూస్తుంటాడు, కింద మనవాళ్లు నడుస్తుంటారు. ఒకదాంట్లో గోధుమ పనలు భుజానేసుకుని ఒక పిల్ల నవ్వుతూ ఉంటుంది. అన్నిటికంటే పెద్దది, నాకు ప్రాణం లాంటిది, సముద్రం పోస్టరు. నీలం నీళ్లు, బంగారు ఇసుక, ఆ ఇసుక మీద ఎర్ర గొడుగులు వరసగా, కొలిచి పాతినట్టు. ప్రతి గొడుగు కిందా ఒక కుటుంబం, అందరూ ఒకే వైపు చూస్తూ. అడుగున ఏదో పరాయి భాషలో పెద్ద అక్షరాలు.

ఆ పోస్టర్లన్నీ స్కూలు పెద్ద హాల్లో గోడలకు పెట్టించాను. వానొస్తే కారనిది బళ్లో ఆ హాలొక్కటే. తరవాత ప్రతి క్లాసునూ అక్కడికి తీసుకెళ్లి పాఠం చెప్పాను. గొడుగుల వరస దూరం పోయేకొద్దీ ఎలా చిన్నదవుతుందో, ఎరుపు పక్కన నీలం ఎందుకు పలుకుతుందో కర్రతో చూపించి మరీ చెప్పాను. అడుగున ఏం రాశారని ఎవరో అడిగితే, "ఇక్కడ అలలు కూడా నెమ్మదిగా మాట్లాడతాయి" అని ఉందన్నాను. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. కాని బొమ్మ చూస్తే అలాగే రాసి ఉంటారనిపించింది. సముద్రం మటుకు నేను ఎన్నడూ చూడలేదు. (బాపట్ల దాకా పోతే కనిపిస్తుంది. పోలేదు.)

ఇలా కళ వర్ధిల్లుతుండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించారు. మిల్లాయన తన భార్య చేత, మేడింటాయన తన భార్య చేత నామినేషన్లు వేయించి, ప్రచారం మాత్రం తామే మొదలుపెట్టారు. ఊళ్లో ఎవరూ ఆ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు తలుచుకున్న గుర్తు లేదు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీల గుర్తులుండవు కదా, అధికారులు ఇచ్చిన గుర్తు పుచ్చుకోవాల్సిందే. మిల్లాయన భార్యకు గొడుగు వచ్చింది. మేడింటాయన భార్యకు వంకాయ వచ్చింది. పోలింగు కేంద్రం ఎప్పటిలాగే మా స్కూలు పెద్ద హాలు.

మర్నాడు పొద్దున నేను గోధుమ పనల పిల్ల దగ్గర నిలబడి పాఠం చెబుతుండగా మేడింటాయన పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. నేరుగా సముద్రం ముందుకెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ గొడుగులేంది మాస్టారూ?"

"సముద్ర తీరమండీ. ఒక దేశం వాళ్లు తమ ఊరు చూడటానికి రమ్మని ప్రపంచాన్ని పిలుస్తూ వేయించిన పాత పోస్టరు."

"పిలిస్తే పిలిచారు. అన్ని గొడుగులెందుకు?"

"ఎండకండీ."

"మన ఊళ్లో లేదా ఎండ? మనమెవరమన్నా ఏసుకు కూచున్నామా ఇట్టా?"

పల్నాడు ఎండ గురించి ఎవరైనా అలా అడిగితే జవాబు చెప్పడం కష్టం. అందుకని నేను గొంతు సవరించుకుని కళ గురించి చెప్పాను. ఇది శుద్ధమైన కళ అనీ, దీనికి రాజకీయం అంటదనీ, చిత్రకారుడు అందానికి తప్ప ఎవరికీ దాసుడు కాడనీ చాలాసేపు చెప్పాను. ఆయన ఒక్క మాటా అడ్డం రాకుండా విన్నాడు. వెనకున్న పదిమందీ విన్నారు. చివరికి ఆయన నా భుజం మీద చెయ్యేశాడు.

"నవ్వుకుంటా రమ్మని పిలిచేవోడు ఎప్పుడన్నా ఊరికే పిలిచాడా మాస్టారూ? నేను ఏళ్ల తరబడి జనాన్ని పిలుస్తన్నా. నాకు తెలవదా? ఇది ఎలచ్చన్ల బొమ్మ. తీసెయ్యండి."

తీయనన్నాను. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఈ సంగతి మధ్యాహ్నానికి కారం మిల్లుకు చేరింది. సాయంత్రం బడి వదిలే వేళకు మిల్లాయన వచ్చి, గొడుగుల్ని సంతృప్తిగా చూసి, "ఇది మా నామినేషను కంటే ముందునించే ఇక్కడుంది. మేం పెట్టిచ్చింది కాదు. ఇప్పుడు దీన్ని తీశారంటే మాత్రం మా మీద దెబ్బేసినట్టే. ఊరుకోం" అన్నాడు. ఆ విధంగా నా ఉద్యోగానికి కావలసిన రెండు సంతకాల్లో, పోస్టరు ఉంచితే ఒకటి పోతుంది, తీస్తే ఇంకొకటి పోతుంది. ఎరువుల కొట్టు వాసన నాకు అక్కడికే తగలసాగింది.

హెడ్మాస్టారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, చానాసేపు ఫ్యాను వంక చూశారు.

"సర్దుకుందాం. గొడుగుంది గనక, పక్కన వంకాయ కూడా పెట్టండి. సరిపోద్ది."

"సార్, ప్రపంచంలో ఏ దేశమూ వంకాయ చూడటానికి రమ్మని పోస్టరు వేయించలేదు. నా దగ్గరున్న చుట్టంతా వెతికాను."

"వాళ్లకి ఆలోచన రాక. మీరెయ్యండి. డ్రాయింగు మాస్టారు గదా మీరు?"

ఆ రాత్రి నాలోని కళాకారుడు రాజీనామా రాశాడు. పొద్దున్నే నాలోని ఎరువుల కొట్టు వారసుడు దాన్ని చించేసి, రంగులు కలపడం మొదలుపెట్టాడు. గోడకు వంకాయ గీస్తే అది ప్రచారం అవుతుంది కాబట్టి, నేను వంకాయ గీయను, పోస్టరే గీస్తాను, మన పల్నాడుకు రమ్మని ప్రపంచాన్ని పిలిచే పోస్టరు, అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అడుగున కృష్ణ, నీళ్లలో చిన్న పడవ, అవతల పొద్దు వాలే వేళకు ముదురు ఊదా రంగు తిరిగిన నున్నటి కొండ. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. మేడింటాయన వచ్చి తల అటు వంచి, ఇటు వంచి చూశాడు.

"కొండ బాగుంది. కాయేదీ?"

"కొండే కాయండీ. ఆ రంగు చూడండి."

"రంగు చూసి ఎవరేస్తారు మాస్టారూ ఓటు? బ్యాలెట్టులో ఉన్నట్టుండాల. తొడిమేదీ?"

కొండకు తొడిమ ఉండదని చెప్పాను. ఉండే కొండే గీయమన్నాడు. శిఖరం మీద నాలుగు చింతచెట్లు గుబురుగా వేశాను. "కొంచెం వంగాల" అన్నాడు. గాలికి వంగినట్టు వేశాను. "కాయకి నిగనిగ లేదు" అన్నాడు. కొండ చరియ మీద పొద్దు వెలుగు ఒక తెల్లటి గీతలా జారినట్టు వేశాను. అడుగున పెద్ద అక్షరాలతో 'మా కొండకు రండి' అని రాశాను. (ఊళ్లోవాళ్లు దాన్ని చదివింది మాత్రం 'వంకాయ కొండకు రండి' అనే.) నిజం చెప్పాలంటే, ఆ కొండ మీది నిగనిగ వేస్తున్నప్పుడు నాకు వంకాయా గుర్తులేదు, ఉద్యోగమూ గుర్తులేదు. నేను జీవితంలో వేసినవాటిలో మంచి బొమ్మ అదే. ఈ మాట చెప్పడానికి బాగుండదు, కాని అదే.

హాల్లో ఒక గోడకు గొడుగులు, ఎదుటి గోడకు వంకాయ కొండ. ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. ఒక మధ్యాహ్నం మేడింటాయన భార్య, అంటే అసలు పోటీ చేస్తున్న మనిషి, ఇద్దరాడవాళ్లను తోడు తీసుకుని వచ్చింది. నేను ఆమెను అక్కయ్యా అనేవాణ్ణి. తన బొమ్మను ఒక్క క్షణం చూసి, "మా చేలో కాయకి ఇంత నిగనిగ రాదే" అని నవ్వి, నేరుగా వెళ్లి ఎదుటివాళ్ల గుర్తు ముందు నిలబడింది. వెంట వచ్చిన ఆడవాళ్లు, "ఏమే, ఎవరన్నా చూస్తే" అని ఆమె కొంగు లాగారు. ఆమె కదల్లేదు.

"ఇదంతా నీళ్లేనా మాస్టారూ?"

"నీళ్లే అక్కయ్యా."

"అవతల ఒడ్డు కనపడదా?"

"కనపడదు."

"మీరు చూశారా?"

గొడుగుల వరస గురించి, ఎరుపు పక్కన నీలం గురించి ఏడాది పొడుగునా చెప్పాను గాని, ఈ ఒక్క ప్రశ్నా నన్నెవరూ అడగలేదు. "లేదక్కయ్యా" అన్నాను. ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"సరేలే. గెలిచినా ఓడినా ఒకసారి పోయి చూడాల. వచ్చాక మీకు చెప్తాలే ఎట్టుందో" అని వెళ్లిపోయింది. ప్రపంచంలో అన్ని పోస్టర్లు ఉన్నాయి గదా, చూసిన మనిషికి నిజంగా బయల్దేరాలనిపించడం నేను అప్పుడే చూశాను.

పోలింగుకు ముందురోజు ఎన్నికల అధికారి సిబ్బందితో పెట్టెలతో దిగాడు. హాల్లో అడుగుపెట్టి, ఈ గోడ గొడుగుల్ని, ఆ గోడ వంకాయని చూసి, బయటికెళ్లి బోర్డు మీద స్కూలు పేరు చదివి, మళ్లీ లోపలికొచ్చాడు. సాయంత్రంలోగా రెండూ కనపడకూడదన్నాడు. పీకుదామంటే వంకాయ వాళ్లు ముందు గొడుగు పీకమన్నారు, గొడుగు వాళ్లు ముందు వంకాయ పీకమన్నారు. హెడ్మాస్టారు సర్దుబాటు చేసి, పీకకుండా పాత పేపర్లు అంటించి కప్పిద్దామన్నారు. ఊళ్లో దొరికిన పాత పేపర్లన్నీ తెచ్చి అంటించాం. తీరా చూస్తే ప్రతి పేజీలోనూ ఎవరో ఒక నాయకుడు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నాడు. అధికారి కాసేపు వాళ్లందరినీ చూశాడు. వాళ్లూ ఆయన్ను చూశారు. "వీటినీ కప్పండి" అన్నాడు.

గుడ్డలు తెద్దామంటే ఏ రంగు గుడ్డకు ఎవరు అభ్యంతరం చెబుతారోనని భయం. చివరికి ఏ రంగూ లేనివి గోనె సంచులని తేలింది. ఆ ఊళ్లో గోతాలున్నది ఒక్క కారం మిల్లులోనే. మిల్లాయన బండెడు పంపించాడు. గోతాల మీద మిల్లు పేరు ఉందని మేడింటాయన గోల పెట్టాడు. అయితే తిరగేసి కట్టమన్నారు హెడ్మాస్టారు. తిరగేసి కట్టాం. అంటే, ఏళ్ల తరబడి కారం మోసిన లోపలి వైపు బయటికి వచ్చిందన్నమాట. ఈ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగినవాళ్లకు తట్టకపోవడమే విచిత్రం.

తెల్లారి పోలింగు మొదలై, జనం తాకిడికి గోతాలు కదలగానే మొదటి తుమ్ము అధికారిదే. ఆ తరవాత లెక్కలేదు. ఏజెంట్లు తుమ్మారు, పోలీసులు తుమ్మారు. వేలికి సిరా పెట్టే ఆయన తుమ్మి ఒక ముసలాయన మోచేతికి పెట్టాడు. ఓటేసి బయటికొచ్చిన ప్రతి మనిషీ కొంగుతోనో కండువాతోనో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. ఇది చూసి గురజాల నుంచి వచ్చిన ఒక విలేకరి, ఓటర్లు ఆనందబాష్పాలతో తమ హక్కు వినియోగించుకున్నారని రాసి పంపాడు. అది అచ్చయింది కూడా.

వంకాయ గెలిచింది. "గోతాలు మావి, తుమ్ములు మావి, గెలుపు వాళ్లదంట" అని మిల్లాయన చానా రోజులు బాధపడ్డాడు. ఇక నా సంతకాల సంగతి. ఓడినాయన పెట్టడని నాకు తెలుసు, గెలిచినాయన మీదే ఆశ. ఆయన కమిటీ సమావేశంలో లేచి నన్ను చాలా పొగిడాడు. ఈ మాస్టారు కొండను కాయ చేశాడు, కాయను గెలుపు చేశాడు అన్నాడు. "ఇంత పనిమంతుడు ఊళ్లో ఉండటం మంచిది కాదు. రేపొద్దున వాళ్లకి గీత్తే?" అన్నాడు. మిల్లాయన వెంటనే, "నేనూ అదే చెప్తన్నా" అన్నాడు. యాజమాన్యానికి నరసరావుపేటలో ఇంకో స్కూలుంది. నేను బహుయోగ్యుణ్ణనీ, నన్ను ఆలస్యం చెయ్యకుండా అక్కడికి ఖాయం చేసి పంపెయ్యమనీ ఒక కాగితం రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఒకే కాగితం మీద ఆ రెండు సంతకాలూ చూసి మా హెడ్మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. (గోతాలు అప్పటికే తీసేశాం.) పేటలో ఉద్యోగం ఖాయమైందని చెబితే నాన్న కొట్టులోంచి తలెత్తి, "సరే, చూశాను" అన్నాడు.

నేను బస్సెక్కే రోజున కొత్త సర్పంచి అక్కయ్య వచ్చి, గొడుగుల పోస్టరు తనకు ఇస్తారా అని అడిగింది. ఇచ్చాను. ప్రాణం లాంటిదని చెప్పానే, అడగ్గానే ఎలా ఇచ్చానో నాకే తెలియదు. మరి వంకాయ కొండ మీరు ఉంచుకోరా అంటే, "అది ఇంట్లో ఉంటే మీ బావగారు రోజూ దణ్ణం పెడతారు. మీరే తీసకపోండి" అంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నేను పేటలోనే స్థిరపడి, పేటలోనే రిటైరయ్యాను. మొన్నీమధ్య అక్కయ్య ఇంటికి సున్నాలు వేయిస్తూ, గోడ మీంచి తీసిన గొడుగుల పోస్టరును ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. మా అమ్మాయి ఆ ఫొటో చూసి, "నాన్నా, కింద ఏం రాశారు?" అంది. అలలు నెమ్మదిగా మాట్లాడతాయని రాశారమ్మా అన్నాను, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ. అది తన ఫోను ఆ ఫొటో మీద పెట్టి ఏదో నొక్కింది. పరాయి అక్షరాలు కరిగిపోయి తెలుగు అక్షరాలు లేచాయి. 'క్రమశిక్షణ గల ప్రజలు, ప్రశాంతమైన తీరం. మన నాయకుని పాలనలో' అని ఉంది. మా అమ్మాయి ఇంకాస్త వెతికి చెప్పింది. ఆ కాలంలో ఆ దేశాన్ని ఒక్కడే ఏలేవాడట. నోరెత్తినవాళ్లంతా జైళ్లలో ఉంటే, మా దగ్గర అంతా హాయిగా ఉంది, వచ్చి చూడండి అని ప్రపంచానికి చెప్పడానికి మంచి మంచి చిత్రకారుల చేత ఇవి వేయించారట. కొలిచి పాతినట్టున్న గొడుగులు, ఒకే వైపు చూసే కుటుంబాలు. దూరం పోయేకొద్దీ ఎలా చిన్నవవుతాయో చూడండర్రా అని నేను కర్రతో చూపించింది వాళ్లనే. ఆ తరవాత ఏనుగు మీద దొరనూ, గోధుమ పనల పిల్లనూ కూడా తలుచుకున్నాను. మా అమ్మాయి చేత వెతికించలేదు.

ఉండబట్టలేక అక్కయ్యకు ఫోను చేసి సంగతంతా చెప్పాను. ఆవిడకు ఇప్పుడు కాస్త వినికిడి తక్కువ, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"అయితే మీ బావగారు చెప్పింది నిజమేగా! ఎలచ్చన్ల బొమ్మే. పాపం, ఉండుంటే ఎంత సంబరపడేవోడో" అని, "ఇంతకీ ఆ దేశంలో గొడుగు గెలిచిందా?" అని అడిగింది.

"అక్కడ ఎన్నికలే పెట్టలేదక్కయ్యా."

"ఇంకేం మరి, గెలిచినట్టేగా" అంది. తరవాత, తను సర్పంచి అయిన ఏడాదే ఊళ్లో ఆడవాళ్లందరినీ బస్సెక్కించి బాపట్ల పక్క సూర్యలంక సముద్రానికి తీసుకుపోయిన సంగతి చెప్పింది. "మీకు చెప్తానన్నానుగా, మీరు పేటకి పోయారు, కుదర్లా. మీ బొమ్మలో మాదిరి ఏం లేదు మాస్టారూ. ఒకటే గోల. పిల్లోళ్ల అరుపులు, చీరలు తడిసి, చెప్పులు కొట్టుకుపోయి, మొక్కజొన్న పొత్తులోడితో తగాదా. ఒక్కళ్లు కుదురుగా కూచుంటే ఒట్టు. చానా బాగుంది."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తలెత్తాను. ఎదురుగా గోడ మీద నా వంకాయ కొండ ఉంది. ఇంటికొచ్చినవాళ్లు ఇదెక్కడి కొండ, పోయి చూడాలి అంటుంటారు. పల్నాట్లో అలాంటి కొండ ఎక్కడా లేదు. ఒక మనిషి ఎన్నిక గెలవడం కోసం నేనే చెట్లు వంచి, నిగనిగ పెట్టి లేపిన కొండ అది. అయినా ఇంత వయసొచ్చాక కూడా దాన్ని చూస్తే నాకు పోవాలనిపిస్తుంది.

"ఏంది మాస్టారూ, ఉండారా? మీరు చూశారా లేదా ఇంతకీ సముద్రం?"

"లేదక్కయ్యా" అన్నాను, అప్పటిలాగే.

ఈసారి నవ్వింది. బాగా నవ్వింది. "కార్తీకంలో మళ్లీ పోతన్నాం. మీరూ రండి. గొడుగు మేం తెస్తాంలే" అంది.

ఎన్నెన్ని దేశాలు, ఎంతెంత అందంగా, గోడల మీంచి నన్ను రమ్మని పిలిచాయి. ఫోనులో పిలిచింది మాత్రం ఈవిడ ఒక్కతే. వస్తానన్నాను.